గొంతుకి పెట్టిన సెలవు

పోయిన ఆదివారం పొద్దున్న మా వీధిలోకి చేపల బండి వచ్చింది. ఈ మధ్య గొంతు చించుకుని అరిచి అమ్మేవాళ్ళు లేరు కదా, బండికి ఓ చిన్న మైకు కట్టి, ఎప్పుడో రికార్డు చేసిన మాటలు తిప్పుతూ తిరుగుతున్నారు. "బొచ్చె, శీలావతి, కొరమేను, రొయ్యలు, రండమ్మా రండి" అంటూ ఆ మైకు గరగరలాడుతూ మా సందు మలుపు తిరిగేసరికి నాకు నవ్వు ఆగలేదు. చేతిలో కాఫీ తొణికి చీర మీద పడింది. మా ఆయన పేపరు దించి, "చేపల్లో అంత నవ్వేందుకు ఏముందట?" అన్నారు. ఏముందో ఆయనకి తెలుసు. తెలిసి కూడా అడుగుతారు, నా చేత మళ్ళీ చెప్పించుకోవాలని. నేనూ ప్రతిసారీ చెప్తాను. టీచరుని కదా, చెప్పిందే చెప్పడం నాకు కొత్తేం కాదు.

నేను సైన్సు టీచర్ని. ఉండేది విజయవాడ పటమటలో, అప్పుడు పని చేసింది పామర్రు అవతల కాలవ గట్టు మీద ఉన్న ఓ ఊళ్ళో. పొద్దున్నే బందరు బస్సెక్కి పామర్రులో దిగితే, అక్కడ మా టీచర్ల ఆటో కాచుకుని ఉండేది. ఆటో అంటే ఆటో కాదు, మాకు అదే రెండో స్టాఫ్ రూము. అందులో మాకో కట్టుబాటు ఉంది. బడికి వెళ్ళేటప్పుడు ఎవరి ఏడుపు వాళ్ళు ఏడవచ్చు. పై అధికారుల్ని తిట్టుకోవచ్చు, పిల్లల మీద చెప్పుకోవచ్చు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాత్రం కాలవ వంతెన దాటాక బడి మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు పామర్రు సెంటర్లో అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. ఈ రూలు పెట్టింది మా హిందీ టీచరు. పెద్దావిడ, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న మనిషి. హెడ్మాస్టరు గారితో సహా బళ్ళో అందరం ఆవిడని అక్కగారూ అనే పిలిచేవాళ్ళం. బజ్జీలు ఎక్కువసార్లు పెట్టించింది మా సోషల్ మాస్టారు. ఆయనకి వంతెన దాటగానే పదో తరగతి గుర్తొచ్చేది పాపం. ఆయన బజ్జీల మీద ఇష్టంతోనే ఆ తప్పు చేసేవారని అక్కగారి అనుమానం.

నేను చెప్పబోయేది కరోనా వచ్చి మూతబడ్డ బళ్ళు మళ్ళీ తెరిచిన తర్వాతి ఏడాది సంగతి. చదువు చెప్పిన ఇన్నేళ్ళలో అలాంటి సంవత్సరం నేను చూడలేదు, చూడకూడదు కూడా. పిల్లలు ఇళ్ళ దగ్గర ఉండి ఉండి, తరగతిలో కుదురుగా కూర్చోవడమే మర్చిపోయి వచ్చారు. ఎనిమిదిలో చదవాల్సినవి చదవకుండానే పదిలోకి వచ్చేశారు. కొంతమంది రొయ్యల చెరువుల దగ్గర పనికి అలవాటు పడి, జేబులో ఫోను, చేతిలో నాలుగు డబ్బులు చూసినవాళ్ళు. వాళ్ళకి నేను జీర్ణవ్యవస్థ గురించి చెప్తుంటే, ఎందుకమ్మా నీకీ ఆయాసం అన్నట్టు చూసేవారు. రెండు సెక్షన్లని కలిపి ఒక్క గదిలో కూర్చోబెట్టాం. కిటికీలన్నీ తెరిచి ఉంచాలి, బయట కాలవ గట్టు మీద వరికోత మిషన్లు, ట్రాక్టర్లు. ముఖానికి మాస్కు. ఆ మాస్కులోంచి చివరి బెంచీ దాకా వినపడాలంటే అరవాలి. పొద్దున్న మొదటి పీరియడు నుంచి సాయంత్రం స్పెషల్ క్లాసు దాకా అరవడమే. మధ్యలో పైవాళ్ళకి పంపడానికి ఫోను తీసి హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్ల ఫొటో, ఆఖరికి బాత్రూముల ఫొటో. సిగ్నలు కోసం ఆ ఫోను పట్టుకుని బడి మేడ మీదకి ఎక్కాలి. ఎండలో మేడ మీద నిలబడి బాత్రూము ఫొటో ఎప్పుడు ఎక్కుతుందా అని చూస్తున్న మనిషికి, తను ఎందుకు చదువుకుందో ఒక్కోసారి గుర్తు రాదు.

నా గొంతు దసరా వెళ్ళిన దగ్గర్నుంచి బొంగురుపోతూ వచ్చింది. మొదట జలుబన్నాను. తర్వాత దుమ్మన్నాను. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకున్నాను, మిరియాల పాలు తాగాను, అతిమధురం నమిలాను. ఎవరే మందు చెప్తే ఆ మందు. ఒక్క మందు మాత్రం వేసుకోలేదు, అది నోరు మూసుకోవడం. పొద్దున్న లేచేసరికి ఓ రకంగా ఉండే గొంతు, మధ్యాహ్నం అన్నాల వేళకి గీతలు పడ్డ రికార్డులా అయ్యేది. సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనతో చేత్తో సైగలే. చివరికి ఆయన కోప్పడి విజయవాడలోనే ఓ గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపించి, టీవీలో నా స్వరతంత్రులు నాకే చూపించాడాయన. ఆ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేసి పాఠం చెప్పానో నేను. నావి చూస్తే అంచున రెండు వైపులా కాయలు కాచి ఉన్నాయి, పారపట్టిన చేతికి కాసినట్టు. "మూడు వారాలు మౌనం అమ్మా. గుసగుసగా కూడా వద్దు, దానికి ఇంకా శ్రమ. మాట్లాడితే మాత్రం ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఆ తర్వాత గొంతు ఇలాగే వస్తుందని నేను హామీ ఇవ్వలేను" అన్నాడు. మా వయసులో సగం కూడా లేనట్టున్నాడు, కానీ బాగా చెప్పాడు. పాఠం చెప్పడం తెలిసినవాడు.

నేను డాక్టరు చెప్పినవన్నీ విన్నాను అన్నట్టు తలూపి బయటికొచ్చి, మా ఆయన వద్దంటున్నా మర్నాడు మామూలుగా బడికెళ్ళాను. ఎందుకంటే పరీక్షలు దగ్గరపడ్డాయి. సగం పాఠాలు మిగిలి ఉన్నాయి. బళ్ళో సైన్సుకి నేను తప్ప ఇంకో దిక్కు లేదు. ఇవన్నీ నిజాలే. కానీ అసలు నిజం ఇంకోటి ఉంది. నేను లేకపోతే ఆ పిల్లలు మునిగిపోతారని నా నమ్మకం. ఆ నమ్మకంలో భయం ఎంతో, గర్వం కూడా అంతే ఉంది. సెలవు అడగడానికి నోరు రాలేదు. ఎలాగూ రాని నోరే అనుకోండి.

ఆ ఆదివారం బీసెంట్ రోడ్డుకెళ్ళి ఓ మైకు కొనుక్కొచ్చాను. నడుముకి బెల్టులా కట్టుకుంటే చిన్న స్పీకరు పొట్ట మీద ఉంటుంది, తలకి తగిలించుకున్న తీగ నోటి ముందుకి వస్తుంది. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, మాస్కు ఒకటి, కళ్ళద్దాలు ఒకటి, ఆపైన ఈ తీగ. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. కానీ ఉపాయం బాగానే ఉందనుకున్నాను. మెల్లగా మాట్లాడితే చాలు, అరవడం మైకు అరుస్తుంది.

సోమవారం ఆ మైకు కట్టుకుని తరగతిలోకి వెళ్ళాను. పాఠం నీటి జీవులు ఎలా ఊపిరి పీల్చుకుంటాయనేది. నా బొంగురు గొంతు ఆ స్పీకర్లో పడి గరగరమంటూ కిటికీల్లోంచి కాలవ గట్టు దాకా వెళ్తోంది. "చేపలు... చేపల మొప్పలు..." అని రెండు మూడుసార్లు నొక్కి చెప్పాను, వెనక బెంచీలకి అర్థం కావాలని. కాసేపటికి తరగతి గుమ్మం దగ్గర నీడ పడింది. చూస్తే ఎదురింటి ముసలమ్మ, చేతిలో సత్తు గిన్నె. నన్నూ, నా నడుముకున్న డబ్బానీ ఎగాదిగా చూసి, "బొచ్చెలున్నాయా అమ్మా, కిలో ఎంతకిస్తన్నారు?" అంది. వెనకాలే ఇంకొకామె సంచితో వస్తోంది.

తరగతి అంతా ఒక్కసారి పగలబడింది. చెరువుల దగ్గర పని చేసి ఎన్నడూ నవ్వని మగపిల్లలు సైతం బెంచీల మీద పడి నవ్వారు. ఆ ఏడాది వాళ్ళు అలా నవ్వడం అదే మొదటిసారి. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ దగ్గు మొదలైంది. దగ్గు ఆగాక "కూర్చోండి" అందామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. మైకు కూడా ఏమీ అనలేదు. పిల్లలు ఇంకా నవ్వుతున్నారు, నేను నవ్వుతూనే ఉన్నాననుకుని. ముందు బెంచీలో అమ్మాయి నా ముఖం చూసి పరుగున వెళ్ళి అక్కగారిని పిలుచుకొచ్చింది. ఆ క్షణంలో భయమంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది. పాఠం మిగిలిపోతుందని కాదు, మా అమ్మని ఇంక అమ్మా అని పిలవలేనేమో అని.

అక్కగారు నన్ను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, మైకు విప్పి బల్ల మీద పెట్టి, గోరువెచ్చటి నీళ్ళిచ్చారు. సోషల్ మాస్టారు గుమ్మంలో నిలబడి ఏం చేయాలో తెలియక ఫ్యాను వేసి, ఆపి, మళ్ళీ వేశారు.

"డాక్టరు దగ్గరికెళ్ళావా?" అన్నారు అక్కగారు. తలూపాను. "మాట్లాడొద్దన్నాడా?" ఊపాను. "ఎన్నాళ్ళయింది చెప్పి?" వేళ్ళు చూపించాను. ఆవిడ ఆ వేళ్ళ వైపు చాలాసేపు చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడ్డారు కూడా, కానీ గొంతు పెంచకుండా. "పిల్లల కోసం చేస్తున్నాననుకుంటున్నావు కదూ? వచ్చే ఏడాది పిల్లలు పిల్లలు కారా? ఆ పై ఏటివాళ్ళు? ఉన్న గొంతంతా ఈ ఒక్క బ్యాచికే వడ్డించేసి, తర్వాత వచ్చేవాళ్ళకి ఖాళీ గిన్నె చూపిస్తావా అమ్మాయ్? అయినా పిల్లల మాట అలా ఉంచు. నీకు నువ్వు అక్కర్లేదా?"

ఆ చివరి మాటకి నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఎవరూ అడగని ప్రశ్న అది. శబ్దం లేకుండా ఏడవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

ఆవిడే నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గారి గదిలోకి తీసుకెళ్ళారు. ఆయన చెడ్డవాడు కాదు. పైన రిజల్టు అడిగేవాళ్ళకీ కింద మాకూ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతున్న మనిషి. సంగతి విని తల పట్టుకున్నారు. "అక్కగారూ, పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఇప్పుడు సైన్సు ఎవరు చెప్తారండీ?" అన్నారు.

"ఈవిడ గొంతు పూర్తిగా పోయాక ఎవరు చెప్తారండీ?" అన్నారు అక్కగారు. "వాళ్ళెవరో ఇప్పుడే చెప్తారు."

హెడ్మాస్టరు గారు సెలవుల పుస్తకం తెరిచి నా పేరు రాశారు. తర్వాత నా వైపు తిరిగి, "వెళ్ళి రండమ్మా" అన్నారు. మేం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, ఎవరితోనో అన్నట్టు, "మా ఆవిడ కూడా నన్ను షుగరు చూపించుకోమని ఎప్పట్నుంచో పోరుతోందండీ" అన్నారు. అక్కగారు వెనక్కి తిరిగి, "శనివారం వెళ్ళండి. నేను సోమవారం అడుగుతాను" అన్నారు. ఆయన వెళ్ళారని తర్వాత తెలిసింది. అక్కగారు అడుగుతానంటే అడిగే మనిషి.

ఇంట్లో మౌనం మొదలైంది. మొదటి రెండు రోజులు మా ఆయన పండగ చేసుకున్నారు. మూడో రోజుకి ఆయనకి దిగులు పట్టుకుంది. "ఇల్లు ఇల్లులా లేదు, కనీసం పళ్ళెం అయినా గట్టిగా పెట్టు" అన్నారు. నేను చప్పట్లు కొట్టి పిలవడం నేర్చుకున్నాను. ఒక చప్పట అంటే కాఫీ, రెండంటే ఫోను మోగుతోంది, అదే పనిగా కొడితే కోపమొచ్చిందని అర్థం. మధ్యాహ్నం పొయ్యి మీంచి దించిన అన్నం, అప్పుడే కలిపిన పప్పు, నెయ్యి. టీచరు ఉద్యోగంలో చేరినప్పట్నుంచి పనిరోజున నేను వేడి అన్నం తిన్నది లేదు. పొద్దున్న ఏడింటికి కట్టిన క్యారియరు ఒంటిగంటకి తింటే అన్నం అనేది చల్లగా ముద్దగట్టుకునే పదార్థమనే అనుకునేదాన్ని. పామర్రు నుంచి అక్కగారు మా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన కొరమేను పులుసు కూడా అందులోకే. కారం తక్కువ వేశానని ఫోన్లో చెప్పారు. గొంతు కోసమట.

కానీ మనసు బళ్ళోనే ఉంది. సోషల్ మాస్టారు నా క్లాసులు తీసుకుంటున్నారు. మధ్యాహ్నం ఆయన ఫోను చేసేవారు. ఆయన మాట్లాడితే నేను వేలితో ఫోను మీద కొట్టాలి, ఒకసారి అంటే అవును, రెండుసార్లంటే కాదు. మా ఆయన పక్కన కూర్చుని ఈ కచేరీ చూసి నవ్వుకునేవారు. ఒక రోజు మాస్టారు, "మేడం గారూ, మూత్రపిండాల పాఠం అయిపోయిందండీ. పిల్లలకి అర్థమైనట్టే ఉంది, నాకే ఇంకా కాలేదు. బాగా చదివే పిల్లలు లేచి మిగతావాళ్ళకి చెప్తున్నారు. నేను కర్ర పట్టుకుని బొమ్మ చూపిస్తున్నాను, అంతే" అన్నారు. "మీరేం కంగారు పడకండి, ఇక్కడ అంతా జరిగిపోతోంది" అని పెట్టేశారు.

అంతా జరిగిపోతోంది. ఆ మాట మంచి మాటే. అయినా ఫోను పక్కన పెట్టి చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. నేను లేకపోతే ఆగిపోతుందనుకున్నది ఆగలేదు. మొదట దానికి ఏడుపొచ్చింది. తర్వాత నిద్రొచ్చింది. ఆ నిద్ర ఎలాంటిదంటే, కల లేదు, ఉలికిపాటు లేదు, సాయంత్రం పాలవాడు బెల్లు కొట్టేదాకా ఒకటే నిద్ర. లేచేసరికి ఒళ్ళు తేలికగా ఉంది. ఎన్నేళ్ళ అలసటో అది. గొంతు డాక్టరు కనిపెట్టలేని కాయలు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో అనిపించింది.

మూడు వారాలయ్యాక డాక్టరు మళ్ళీ గొట్టం వేసి చూసి, కాయలు కరిగాయన్నాడు. మొదటి మాట మెల్లగా మాట్లాడమన్నాడు. మా అమ్మకి ఫోను చేసి, "అమ్మా" అన్నాను. అవతల ఆవిడ, "ఏమే, మగాడు మాట్లాడుతున్నట్టుందే గొంతు" అంది. కొంచెం లావెక్కిన మాట నిజమే, కానీ నా గొంతే. బడికి తిరిగెళ్ళాక నేను అరవలేదు, అరవడానికి భయం. మెల్లగా మాట్లాడితే పిల్లలూ మెల్లగా ఉండటం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలియక గదులు దద్దరిల్లేలా అరిచానా అనిపించింది. ఆ ఏడు రిజల్టు మరీ గొప్పగా రాలేదు, మరీ పాడుగానూ రాలేదు. కొందరు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కారు. నేను బళ్ళో ఉండి గొంతు పోగొట్టుకున్నా అంతే వచ్చేదని సోషల్ మాస్టారు లెక్క. అది ఆయన వంతెన దాటాక చెప్పారు కాబట్టి ఆ సాయంత్రం బజ్జీలు తిన్నాం.

ఆ వేసవిలోనే అక్కగారు రిటైరయ్యారు. ఆ తర్వాతి ఆదివారం వాళ్ళ చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టి మా అందరినీ పిలిచారు. తెల్లటి నేత చీర కట్టుకుని ముందు వరసలో నిలబడ్డారావిడ, నన్ను పక్కన నిలబెట్టుకున్నారు. పాటలు మొదలయ్యాయి. అందరూ పుస్తకం తెరిచి పాడుతున్నారు. నాకు ఆ పాటలు రావు కాబట్టి చుట్టూ చూస్తున్నాను. అక్కగారి పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గరే ఉన్నాను, నాకు ఒక్క అక్షరం వినపడలేదు. నా వెనకున్న ముసలావిడ నా భుజం తట్టి, "ఒకప్పుడు ఈమె పాడితే కాలవ అవతలి ఇళ్ళవాళ్ళు పని ఆపి వినేవాళ్ళమ్మా. మా పాటలు ముందు ఎత్తుకునేది ఈమే" అంది.

భోజనాల దగ్గర, ఆకులో బిర్యానీ పెట్టుకుని ఇద్దరం వేపచెట్టు నీడలో కూర్చున్నప్పుడు ఆ పాట సంగతి అడిగాను. ఆవిడ తింటూనే మామూలుగా చెప్పారు. "పోయి చాలా ఏళ్ళయిందమ్మా. మాట మిగిలింది, పాట పోయింది. అప్పట్లో ఒకే గదిలో మూడు తరగతులు పెట్టి అరిచేదాన్ని. నొప్పిగా ఉందంటే టీచరన్నాక గొంతు నొప్పి ఉండదా అనేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను."

"ఎవరూ ఆగమని చెప్పలేదా అక్కగారూ?" అన్నాను.

"చెప్పి ఉంటే ఆగేదాన్నేమో" అన్నారు. "చెప్పేవాళ్ళే లేరు." అని నా ఆకు వైపు చూసి, "తిను, చల్లారిపోతుంది" అన్నారు.

నేను తినలేకపోయాను. ఆ రోజు స్టాఫ్ రూములో ఆవిడ నా వేళ్ళ వైపు అంతసేపు ఎందుకు చూశారో అప్పుడు తెలిసింది. పోయిన గొంతుని ఎవరూ ఎవరికీ తెచ్చి ఇవ్వలేరు, కానీ తనకి దక్కకుండా పోయిన సెలవుని ఒక మనిషి ఇంకో మనిషికి దక్కించగలదు.